శబరిని రాముడు ఏమడిగాడు?



శబరి మీద చేసిన వీడియో చూసి చాలామంది ఎంగిలి పళ్ళ గురించే మాట్లాడారు. నిజానికి వాల్మీకి రామాయణంలో ఎంగిలి ప్రస్తావనే లేదు. పంపా తీరంలో దొరికే అడవి పదార్థాలు రాముడి కోసం సేకరించి ఉంచిందని మాత్రమే ఉంటుంది. రుచి చూసి పెట్టడం తర్వాతి భక్తుల కథల్లో వచ్చి చేరింది. ఆ కథ అందమైనదే, నాకూ ఇష్టమే. కానీ దాని మాటున అరణ్యకాండలోని అసలు ఘట్టం మరుగున పడిపోతోంది.

రాముడు రాగానే శబరిని ఏమడిగాడు? తపస్సుకు అడ్డంకులు తొలిగాయా, కోపం అదుపులో ఉందా, ఆహార నియమం సాగుతోందా, మనసుకు సుఖం దొరికిందా, గురువులకు చేసిన సేవ ఫలించిందా అని. ఇవి ఒక ఋషిని అడిగే ప్రశ్నలు. ఎదురుగా ఉన్నది ముసలామె, ఒంటరి స్త్రీ, సంప్రదాయం శబర జాతి అని చెప్పే మనిషి. అక్కడే వాల్మీకి ఆమెకు 'అబహిష్కృత' అనే విశేషణం వాడాడు. జ్ఞానం విషయంలో వెలిగా ఉండనిది అని. లోకం వెలిగా పెట్టిన మనిషి గురించే ఆ మాట చెప్పాల్సిన అవసరం వస్తుంది కదా!

ఒక చెల్లి అడిగింది: "అక్కా, శబరిని లోకం దూరం పెట్టింది జాతి చూసా, ఆడమనిషనా?" మంచి ప్రశ్న. కానీ ఆ 'ఏదో ఒకటి' అనే చోటే చిక్కంతా ఉంది.

మా ఛానల్‌కి ఎడిటింగ్ చేసే అమ్మాయి మచిలీపట్నం వైపు పల్లె నుంచి వచ్చింది. దళిత కుటుంబం. గది కోసం ఇద్దరం మొగల్రాజపురం, పటమట, సత్యనారాయణపురం అన్నీ తిరిగాం. ప్రతి ఇంట్లో అవే ప్రశ్నలు. ఒక్కదానివేనా? పెళ్ళి కాలేదా? రాత్రి ఎన్నింటికి వస్తావు? ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మీరేమిట్లమ్మా?" ఆఖరికి అందరిదీ ఒకటే మాట: "మా బంధువులు వస్తామంటున్నారు, మళ్ళీ ఫోన్ చేస్తాం." ఒక్కరూ చెయ్యలేదు.

వాళ్ళ అన్నయ్యకి ఇదే ఊళ్ళో నాలుగు రోజుల్లో గది దొరికింది. మగపిల్లాడు, ఎలాగోలా సర్దుకుంటాడన్నారట. నేనూ పెళ్ళికాకుండా ఒంటరిగా వచ్చినదాన్నే, నాకు రెండో ఇంట్లోనే దొరికింది. అంటే కులం ఒక్కటే అడ్డమైతే అన్నకి దొరక్కూడదు. ఆడపిల్ల కావడం ఒక్కటే అడ్డమైతే నాకు దొరక్కూడదు. ఇద్దరికీ దొరికింది, ఆమెకి దొరకలేదు. పోనీ ఎవరినైనా నిలదీస్తే ఏ కారణం చెప్పి నిలదీస్తుంది?

అమెరికాలో 1976లో ఇలాగే జరిగింది. ఐదుగురు నల్లజాతి మహిళలు జనరల్ మోటార్స్ కంపెనీ మీద కోర్టుకెళ్ళారు. కంపెనీలో ఆడవాళ్ళున్నారు, తెల్లవాళ్ళు. నల్లవాళ్ళున్నారు, మగవాళ్ళు. కాబట్టి రెండు ఫిర్యాదులూ కలిపి కొత్తదొకటి చెయ్యడం కుదరదంది కోర్టు. ఆ కేసు చూపించే కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు 1989లో ఈ చిక్కుకి ఒక పేరు పెట్టింది. పేరు సంగతి అలా ఉంచండి. మనకి పేరు లేకపోయినా విషయం కొత్తది కాదు.

దుర్గా ఘాట్‌లో మనం మూడు మునకలు వేసే కృష్ణమ్మే ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్ళి డెల్టా ఊళ్ళకి పంటా దాహమూ తీరుస్తుంది. సంధ్యావందనంలో నీళ్ళని తల్లితో పోల్చే మంత్రం ఉంది. ఆ తల్లి అందరి బిందెలోకీ ఒకేలా రాలేదు. చీరాల దగ్గర కారంచేడులో, 1985 జులై 16 సాయంత్రం, దళితులు తాగే చెరువు దగ్గర భూస్వామ్య కులపు యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్ళు మురికి చేస్తున్నారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డు చెప్పింది. కొట్టబోతే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు.

ఆ బిందె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. బిందె ఆమె చేతిలోనే ఎందుకుంది? నీళ్ళు మొయ్యడం ఆడవాళ్ళ పని కాబట్టి. ఆ చెరువుకే ఎందుకొచ్చింది? కులం వేరు కాబట్టి. అడ్డు చెప్తే అంత కోపం ఎందుకొచ్చింది? తమ పొలాల్లో కూలి చేసుకునే వాళ్ళు, అందులోనూ ఒక ఆడది, ఎదురు మాట్లాడింది కాబట్టి. కులం, ఆడపుట్టుక, కూలి బతుకు... ఇందులో ఏది ఎంత అని తూకం వేసి చెప్పగలరా?

ఆ తర్వాత వచ్చిన ఉద్యమాల ఒత్తిడి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఉంది. వాళ్ళు వాడుకునే నీళ్ళను మురికి చెయ్యడం కూడా అందులో నేరమే. చట్టం వచ్చాక కూడా చిక్కు పోలేదు. 2021 ఏప్రిల్ 27న సుప్రీం కోర్టు మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే తీర్పిచ్చింది. పుట్టుకతో చూపు లేని దళిత యువతి మీద 2011లో జరిగిన అత్యాచారం. నేరస్థుడికి యావజ్జీవం ఖాయం చేసింది. కానీ ఆమె కులం కారణంగానే నేరం జరిగిందని విడిగా సాక్ష్యం లేదని ఆ చట్టం కింద పడిన శిక్షని పక్కన పెట్టింది. ఆడపిల్ల కావడం, కులం, చూపు లేకపోవడం ఒకే మనిషిలో కలిసినప్పుడు ఒక్కదాన్నే వేరుచేసి రుజువు చెయ్యమంటే ఎంత కష్టమో అదే తీర్పు వివరంగా రాసింది. 2016 నుంచి చట్టంలో ఆ మాట మారింది, బాధితురాలి కులం తెలిసి చేస్తే చాలు. ఆమె కేసు అంతకుముందుది.

"ఇదంతా రాజకీయం, మనది భక్తి ఛానల్ కదా" అని కొందరికి అనిపించొచ్చు. అయితే భాగవతం మూడో స్కంధం, 29వ అధ్యాయం తీసి చూడండి. కపిలుడు తల్లి దేవహూతికి భక్తి గురించి చెప్తున్నాడు. అన్ని ప్రాణుల్లోనూ ఉన్న నన్ను పట్టించుకోకుండా విగ్రహానికి చేసే పూజ బూడిదలో హోమం చెయ్యడమే అంటాడు. మెత్తని మాట కాదది. పైగా చెప్తున్నది పూజ మానేసిన వాళ్ళకి కాదు, రోజూ చేసేవాళ్ళకి. అద్దెకిచ్చే ఇంటి గుమ్మానికి మామిడి తోరణం కట్టి, గుమ్మంలో నిలబడి "మీరేమిట్లు?" అనేవాళ్ళకి కూడా అది వర్తిస్తుందనే నా నమ్మకం.

శ్రావణమాసం వస్తోంది. వరలక్ష్మీ వ్రతానికి భర్త పోయిన వాళ్ళని పిలవకపోవడం మీద ఈ మధ్య మన పిల్లలు గట్టిగా అడుగుతున్నారు, సంతోషం. మా వీధిలోనూ ఇద్దరు ముగ్గురు పిలవడం మొదలుపెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆవిడకీ భర్త లేడు. ఆవిడని పిలవడం లేదని మాత్రం ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే భర్త ఉన్న రోజుల్లో కూడా ఆవిడకి పేరంటం పిలుపు లేదు. మానేసిన వాళ్ళని మళ్ళీ పిలుస్తున్నాం. ఎప్పుడూ పిలవని వాళ్ళు లెక్కలోకే రాలేదు.

మొన్న అమ్మ కుంకుమ భరిణె తీసుకుని, "శుక్రవారం సాయంత్రం రావాలమ్మా" అని ఆవిడకి బొట్టు పెట్టబోయింది. ఆవిడ చీపురు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని అడిగింది: "పనికి రమ్మంటారా అమ్మగారూ, పేరంటానికా?"

అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేకపోయింది. "పేరంటానికే" అంది.