శేషించిన ఆయువు

తిరుమలలో పుష్పకైంకర్యమునకు ఎవరు పోగలరని భగవద్రామానుజులు అడిగినపుడు, కొండపై చలికి వెరవక ముందుకు వచ్చినవారు అనంతాళ్వారులు. తోటలో పాము కరచినను వారు విషము దింపించుకొనలేదని పెద్దలు చెప్పుదురు. బ్రతికినచో పుష్కరిణిలో స్నానమాడి శ్రీనివాసుని, మరణించినచో విరజలో మునిగి వైకుంఠనాథుని సేవింతునని వారి నిశ్చయము.

అట్లయిన రోగులు చికిత్స మానవలెనా? భేషజము, భిషక్కు అనునవియు విష్ణుసహస్రనామములలోనివే గదా! ఔషధమును, వైద్యుని ఆ స్వామి రూపములుగా స్వీకరించుటయు శరణాగతియే. ఫలితమేదైనను సేవకు లోపము రాదను ధైర్యమే అనంతాళ్వారుల నుండి మనము గ్రహింపవలసినది.

రొమ్ము క్యాన్సరు నుండి కోలుకొన్న నన్ను చాలకాలము ఒక ప్రశ్న వేధించినది. నాతోపాటు చికిత్స పొందిన సోదరి పరమపదించినది, నేనేల మిగిలితిని? ఇది నా పుణ్యఫలమన్నచో, ఆమెకు భక్తి కొరవడినదన్నట్లగును. అది భాగవతాపచారము. ఒకే తీగకు పూచిన మల్లెలలో కొన్ని మాలలో చేరును, కొన్ని నేల రాలును. అన్నియు ఆయన తోటలోనివే.

చంకలోని గ్రంథులు తీసివేసిన వైపు చేతికి ముల్లు గ్రుచ్చుకొని పుండైనచో చేయి వాచును. కావున గులాబీలు కోయునపుడు తొడుగు ధరింతును. కైంకర్యము చేయు చేతిని కాపాడుకొనుటయు కైంకర్యమే.

తిరుమలలో పూలన్నియు స్వామివే; భక్తులు తలలో ముడువరు. మన సంప్రదాయమున జీవుడు శేషభూతుడు, స్వామి శేషి. శేషించిన ఆయువును ఆ శేషిదే. ఎన్నినాళ్ళని లెక్కింపక, నేటి మాలను నేడే సమర్పింతము.