మొలవని గింజ

బిడ్డలకు దేవుని ఆజ్ఞలు నేర్పుటకు మోషే బడి కట్టించుమనలేదు. ఇల్లు, త్రోవ, పడక, ఉదయము, ఇవే బడి యనెను (ద్వితీయో. 6:7). యొర్దాను దాటిన పిమ్మట యెహోషువ 12 రాళ్లను గిల్గాలులో నిలువబెట్టించినది కూడ, బిడ్డలు వాటిని చూచి ఇవి ఎందుకని తండ్రులను అడుగుటకే (యెహోషువ 4:20-22). రాయి ముందు, ప్రశ్న తరువాత. మన తెలుగు దేశములో 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతిని తమ తలపైనే ఉంచుకొనజేసి, సువార్త ప్రకటింపకపోయినయెడల తమకు శ్రమ యని పలికించెడివారు. చదువు రాని వారికి ఆ చెయ్యి పుస్తకమాయెను.

నడిగూడెము వంటి మన గ్రామములలో, సాగర్ ఎడమ కాలువ క్రింద వరి పండించు ఇండ్లలో, ఇట్టి పాఠమునకు ఏ వస్తువును కొననక్కరలేదు. నారు పోయుటకు ముందు వడ్లు నానబోసి, మండె కట్టి, మొలక చూచుట మన చేతులకు తెలిసిన పనియే. ఆ వడ్లలో కొన్ని తీసి, తడిగుడ్డలో చుట్టి, ఒక్కొక్క బిడ్డకు ఇచ్చి, ప్రార్థన చేసి, మొలక వచ్చువరకు కనిపెట్టుట మంచి కుటుంబ పాఠము. విత్తినవాడు నిద్రపోయినను విత్తనము వానికి తెలియకుండ పెరుగునని ప్రభువు చెప్పిన ఉపమానము (మార్కు 4:26-29) అప్పుడు బిడ్డకు చెవితో గాక వ్రేళ్లతో తెలియును. ఫోనులో చూపవచ్చును గదా యని కొందరందురు. ఫోనులో అర నిమిషములో మొలక వచ్చును, అచ్చట ప్రతి గింజయు మొలచును. కష్టమంతయు అందులోనే యున్నది.

ఏలయనగా ఇంటిలో ప్రతి గింజయు మొలవదు. అక్క గుడ్డ విప్పగా తెల్లని మొలకలు, తమ్ముని గుడ్డలో ఒకటియు లేదు. వాడు ప్రార్థన చేయలేదా? చేసెను. రాత్రి వాడు నిద్రపోయిన తరువాత తల్లి రెండు మొలకగింజలు తెచ్చి వాని గుడ్డలో పెట్టవచ్చునా? వాని చిన్న విశ్వాసము విరుగకుండుటకే గదా, ఇది ప్రేమయే గదా యని ఆమె హృదయము చెప్పును. చిన్నవారికి అభ్యంతరము కలుగజేయువానిని గూర్చి ప్రభువు పలికిన కఠినమైన మాట (మత్తయి 18:6) కూడ ఆమెకు జ్ఞాపకము రావచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన తలంపు కాదు.

అయినను పెట్టకూడదనియే మేము తలంచుచున్నాము. దేవుని పక్షముగా వాదించుటకు మీరు మోసము పలుకుదురా యని యోబు తన స్నేహితులను అడిగెను (యోబు 13:7). వారు దేవుని ఘనతను కాపాడుచున్నామనుకొనిరి. తుదకు దేవుడు వారిమీదనే కోపించెను. పసిబిడ్డలకు పాలే ఇయ్యవలెనని పౌలు ఎరుగును. కాని పాలనగా చిన్న సత్యము, అబద్ధము కాదు. సున్నపు నీళ్లును తెల్లగానే యుండును.

మరియొక సంగతి కలదు. ఆ బిడ్డకు పదేండ్లు వచ్చినప్పుడు అక్క నోట ఈ మాట బయటపడును. ఇండ్లలో ఏ రహస్యము నిలిచినది? అప్పుడు వాడు, అమ్మ గింజను మార్చినది గదా, అమ్మ చెప్పిన ఖాళీ సమాధి మాట ఏమి యని అడుగును. క్రీస్తు లేచుట నిజము కానియెడల మేము దేవుని విషయమై అబద్ధసాక్షులమగుదుమని పౌలు వణకిన చోటు ఇదే (1 కొరింథీ. 15:15). మన ఇండ్లలో యేసును గూర్చిన మొదటి సాక్షి తల్లియే. రేపు వాడు పెద్దవాడై, కాలువకు నీరు రాక పైరు ఎండినప్పుడు, లేక ప్రార్థించిన ఇంటిలోనే రోగి లేవనప్పుడు, రాత్రివేళ వచ్చి గుడ్డలో గింజ మార్చువారెవరును ఉండరు.

ప్రభువు తానే విత్తువాని ఉపమానములో త్రోవప్రక్కను, రాతినేలను, ముండ్లపొదలను దాచలేదు. పొలము చేయువారమైన మనకు ఇది వింత కాదు. వరి విత్తనమునకు ధ్రువీకరణ ఇచ్చు నియమము కూడ నూటికి 80 గింజలు మొలచిన చాలుననును. తక్కిన 20ని గూర్చి ఎవరును విత్తనమును నిందింపరు. కాబట్టి బిడ్డకు రెండు మూడు గింజలు గాక గుప్పెడు ఇయ్యుడి. ఎన్ని మొలచినవో, ఎన్ని మొలవలేదో వానినే లెక్కించనియ్యుడి. మొలవనివాటిని గోటితో ఒలిచి చూడనియ్యుడి. కొన్ని తాలు, కొన్ని పాత విత్తనము, కొన్ని గాలి ఆడక కుళ్లినవి. కొన్నిటికి కారణము మీకును తెలియదు, తెలియదనియే చెప్పుడి. ఒక్కటి మాత్రము మరువవద్దు: నీ ప్రార్థన చాలలేదు, నీవు మొన్న అబద్ధమాడితివి గనుక మొలవలేదు అని అనకుడి. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అట్టి లెక్కయే వేయగా ప్రభువు దానిని కొట్టివేసెను (యోహాను 9:3). గింజను మార్చుట కంటె ఈ మాట బిడ్డను ఎక్కువగా గాయపరచును.

అటుపిమ్మట మొలచినవాటిని అక్కయు తమ్ముడును కలిసి నారుమడిలో చల్లనియ్యుడి. మొలవనివాటిని ఏమి చేయవలెనని వాడు అడిగినయెడల కోళ్లకు వేయవచ్చును. లేదు, ఇంక రెండు దినములు తడిగుడ్డలోనే ఉంచెదనని పట్టుపట్టినయెడల, ఉంచనియ్యుడి.