మిత్రుడు భోజనానికి పిలిస్తే...

సికింద్రాబాదుకు చెందిన ఒక పెద్దమనిషి ఇటీవల మా దగ్గరికి వచ్చి ఒక విషయం అడిగారు. ఆయన కుమారుడు పై చదువుల కోసం ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఉంటున్నాడు. అక్కడి తోటి విద్యార్థి ఒకడు ఇతనితో ఎంతో స్నేహంగా మెలుగుతూ, తమ దేశపు వంటకాలు తినిపిస్తానని మధ్యాహ్న భోజనానికి మూడుసార్లు హోటలుకు పిలిచాడట. మొదటిసారి కడుపు బాగాలేదన్నాడు మనవాడు. రెండోసారి పని ఉందన్నాడు. మూడోసారి ఇప్పుడే తిన్నానన్నాడు. ఈ మూడూ నిజం కావు. అతని భయమంతా హలాల్ గురించే. "మౌలానా, మావాడు హరామ్ నుండి తప్పించుకున్నాడు కదా! మంచి పనే చేశాడంటారా?" అన్నది ఆ తండ్రి ప్రశ్న.

చూడటానికి ఇది చిన్న ప్రశ్నే. కాని పరాయి దేశాల్లోనే కాదు, మన హైదరాబాదు, సికింద్రాబాదు ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలకు కూడా తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. కనుక కాస్త వివరంగా పరిశీలిద్దాం.

భయం న్యాయమైనదే

ముందుగా ఒక మాట. ఆ అబ్బాయి భయాన్ని మేము తేలిగ్గా తీసుకోము. పందిమాంసాన్ని, అల్లాహ్ పేరు కాక ఇతరుల పేరు ఉచ్చరించబడిన దాన్ని దివ్య ఖుర్ఆన్ నిషేధించింది (అల్ బఖర: 173). మద్యాన్ని షైతాను పనిగా పేర్కొని దానికి దూరంగా ఉండమంది (అల్ మాయిద: 90). ఆస్ట్రియా వంటకాల్లో ఈ రెండూ సర్వసాధారణం. అక్కడ పేరుమోసిన వంటకం వీనర్ ష్నిట్సెల్. దూడమాంసాన్ని పల్చగా కొట్టి, బ్రెడ్డు పొడి అద్ది వేయిస్తారు. చాలా హోటళ్ళలో పందిమాంసంతో చేసిన ష్నిట్సెల్ కూడా ఉంటుంది. కొన్నిచోట్ల వేయించేది పందికొవ్వులోనే. ఆపిల్ పండ్లు చుట్టి కాల్చే స్ట్రూడెల్ అనే మిఠాయిలో వేసే ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టడం కూడా ఉంది.

గ్రంథప్రజల ఆహారం మనకు ధర్మసమ్మతమని ఖుర్ఆన్ (అల్ మాయిద: 5) చెప్పింది కదా అని కొందరు అంటారు. నిజమే. అయితే ఆ అనుమతి పందిమాంసానికీ మద్యానికీ వర్తించదు. ఇక దూడమాంసమే అయినా, దాన్ని కోసినవాడు ఎవరు, జబహ్ షరతులు నెరవేరాయా అన్నది తేలాలి. నేటి యూరప్ కబేళాల విషయంలో అది తేలడం కష్టం. అందుకే మన ఉలమాలు జాగ్రత్త వహించమంటారు. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, ఆ రెంటి మధ్య ఉన్న సందేహాస్పద విషయాలను వదిలినవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). ఇంతవరకు అబ్బాయిది సరైన దారే.

మరి అబద్ధం సంగతేమిటి?

హజ్రత్ అస్మా బిన్తె యజీద్ (రజి) ఒక సంఘటన తెలిపారు. ఒకసారి దైవప్రవక్త (స) వద్దకు భోజనం వచ్చింది. ఆయన దాన్ని అక్కడున్న స్త్రీలకు ఇవ్వబోయారు. వారు మొహమాటంతో తమకు ఆకలిగా లేదన్నారు. అప్పుడాయన, ఆకలినీ అబద్ధాన్నీ ఒకచోట చేర్చవద్దని మందలించారు (ఇబ్నె మాజా). ఆలోచించండి. అది కేవలం మొహమాటం. మనం దాన్ని అబద్ధమని కూడా అనుకోము. అయినా ఆయన దాన్ని ఉపేక్షించలేదు.

ఏ నోటిని హరామ్ ముద్ద నుండి కాపాడామో, అదే నోటితో మూడుసార్లు అబద్ధమాడితే మనం కాపాడుకున్నదెంత? ముద్ద లోపలికి పోయే దారికి కాపలా పెట్టి, మాట బయటికి వచ్చే దారిని తెరిచి ఉంచినట్లు కాలేదా? అల్లాహ్ కోసమే హలాల్‌ను పాటిస్తున్నప్పుడు అల్లాహ్ పేరు చెప్పడానికి సిగ్గెందుకు?

ఇందులో మరో నష్టమూ ఉంది. ఆ మిత్రునికి తెలిసింది ఏమిటి? ఈ ముస్లిం తనతో కలిసి కూర్చోవడానికి ఇష్టపడడం లేదన్నది మాత్రమే. ఇస్లాం ఎందుకు కొన్నిటిని వద్దంటుందో తెలుసుకునే అవకాశం అతనికి మూడుసార్లు వచ్చి మూడుసార్లూ చేజారింది.

మిత్రుని హక్కు

ఏయే ఇళ్ళలో భోంచేస్తే తప్పులేదో చెబుతూ ఖుర్ఆన్ తండ్రి ఇంటిని, తల్లి ఇంటిని, సోదరుల, సోదరీమణుల, బాబాయిల, మేనమామల ఇళ్ళను ప్రస్తావించి, చివరికి మిత్రుని కూడా ఆ వరుసలోనే చేర్చింది. కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా తప్పులేదంది (అన్ నూర్: 61). రక్తసంబంధీకుల సరసన మిత్రునికి స్థానమివ్వడం సామాన్య విషయం కాదు. ధర్మం విషయంలో మనతో యుద్ధం చేయని వారిపట్ల సద్భావంతో, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించడం లేదని మరోచోట ఉంది (అల్ ముమ్‌తహినా: 8). కనుక హలాల్ అంటే మిత్రునికీ మనకూ మధ్య లేచిన గోడ కాదు.

వద్దనే పద్ధతి కూడా మనకు సున్నత్‌లోనే దొరుకుతుంది. హజ్రత్ మైమూనా (రజి) ఇంట కాల్చిన ఉడుము మాంసం వడ్డించారు. అదేమిటో తెలియగానే దైవప్రవక్త (స) చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది హరామా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదు, మా ప్రాంతంలో ఇది ఉండదు, అందువల్ల నాకు మనసొప్పడం లేదని ఆయన ఉన్నదున్నట్లు చెప్పారు. హజ్రత్ ఖాలిద్ (రజి) ఆయన చూస్తుండగానే తిన్నారు (బుఖారీ, ముస్లిం). దాని ధర్మాదేశంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయముంది. మేమిక్కడ చెబుతున్నది మర్యాద గురించి. సాకు చెప్పలేదు, వంటను నిందించలేదు, పంక్తి నుండి లేచిపోలేదు.

మన ఊరి పాఠం

ఈ మర్యాద మనకు కొత్తేమీ కాదు. మన హిందూ మిత్రుల్లో చాలామంది శనివారం మాంసం ముట్టరు. కార్తీక మాసంలో కొందరు, అయ్యప్ప మాలలో ఉన్నవారు కూడా అంతే. వారిని ఇరానీ హోటలుకు పిలిస్తే "ఈ రోజు నాకు మాంసం వద్దు భాయ్, చాయ్ చెప్పు" అంటారు. మనం నొచ్చుకుంటామా? ఆ నియమానికి లోలోపల గౌరవిస్తాం కూడా. వారు తమ నియమాన్ని దాచుకోకపోతే మన పిల్లలు తమ ధర్మాన్ని ఎందుకు దాచుకోవాలి?

ఆస్ట్రియా వారికి కూడా ఇస్లాం వింత కాదు. బోస్నియా వారి ఏలుబడిలోకి వచ్చాక, హనఫీ మార్గాన్ని అనుసరించే ముస్లిములకు 1912లోనే అక్కడ చట్టబద్ధమైన గుర్తింపు లభించింది. అక్కడే చదువుకున్న యూదు యువకుడు లియోపోల్డ్ వైస్ 1926లో ఇస్లాం స్వీకరించి ముహమ్మద్ అసద్ అయ్యాడు. పిక్తాల్ సాహెబ్ 1936లో మరణించిన తరువాత, మన హైదరాబాదు నుండి వెలువడే 'ఇస్లామిక్ కల్చర్' పత్రికకు కొంతకాలం సంపాదకత్వం వహించినది ఆయనే. 1922లో సీనాయ్ ఎడారి మీదుగా రైలులో వెళ్తుండగా ఎదుట కూర్చున్న ఒక అరబ్బు బెదూయిన్ రొట్టె కొని, దాన్ని రెండు ముక్కలు చేసి ఒక సగం తనకు ఇచ్చాడని 1954లో వెలువడిన తన గ్రంథంలో ఆయన రాసుకున్నారు. అప్పటికి ఆయన ముస్లిం కాదు. ఆ బెదూయిన్ ఆయనకు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. సగం రొట్టె ఇచ్చాడు. ఏళ్ళ తరువాత కూడా ఆయన దాన్ని మరచిపోలేదు.

ఏం చేయాలి?

పిలుపు రాగానే సంతోషం తెలపాలి. ఆ వెంటనే, పందిమాంసం, మద్యం, జబహ్ కాని మాంసం మేము తీసుకోమని నవ్వుతూ చెప్పాలి. చేపకు జబహ్ అవసరం లేదు. దుంపలు, కూరగాయలు, నేరేడు కాదు గాని ఆ దేశంలో విరివిగా దొరికే ఆప్రికాట్ పండ్లతో చేసే కుడుముల వంటివి ఉన్నాయి. ఏ కొవ్వులో వండారో, మద్యం కలిపారో లేదో అడిగి తెలుసుకోవాలి. అడగడం నామోషీ కాదు. మద్యం వడ్డించే బల్ల దగ్గర కూర్చోవద్దని హదీసు ఉంది (తిర్మిజీ). కనుక తన బల్లపై అది రాకుండా మిత్రునికి ముందే చెప్పాలి. కుదరకపోతే తానే ఆ మిత్రుణ్ణి గదికి పిలిచి చేతనైనంతలో వండిపెట్టాలి. ఖిచిడీ, ఖట్టా చాలు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలకు ఏది తినకూడదో చిన్ననాడే నేర్పుతున్నాం. అల్‌హందులిల్లాహ్. ఎలా వద్దనాలో కూడా నేర్పుదాం. సిగ్గుపడి దాచుకునే ధర్మం ఒంటరితనంలో ఎంతోకాలం నిలవదు. ప్రేమతో, నిజాయితీతో చెప్పుకున్న ధర్మాన్ని ఎదుటివాడు కూడా గౌరవిస్తాడు.

అల్లాహ్ మన ముద్దనూ మన మాటనూ రెంటినీ పరిశుద్ధంగా ఉంచుగాక! మన సంతానాన్ని ఎక్కడున్నా సత్యసంధులుగా నిలుపుగాక! ఆమీన్.