"అర్థమైంది" అనే మాట

అబద్ధాలన్నిటిలోకీ మర్యాదగా వినిపించేది "అర్థమైంది" అన్న మాటేనని నాకు తోస్తుంది. లాభం కోసం ఎవరూ దాన్ని ఆడరు. ఎదుటివాడు శ్రమపడి చెబుతున్నాడు, మూడోసారి అడిగితే ఏమనుకుంటాడో, పక్కవాళ్లు నవ్వుతారేమో అన్న మొహమాటం లోంచి అది పుడుతుంది. ఎవరికీ నష్టం లేదు గదా అని మనమూ ఊరుకుంటాం. నిజంగా నష్టం లేదా? ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది వేదాంత గ్రంథాల్లో కాదు, ప్లస్ టూ పిల్లల లెక్కల నోటుపుస్తకాల్లో.

హోసూరులో మా ఇంటి అరుగు మీద రెండేళ్లుగా సాయంత్రాలు నలుగురు పిల్లలు చేరి లెక్కలు చేసుకుంటున్నారు. నేను వాళ్లకు గురువును కాను. లైటు వేసి, కాఫీ ఇప్పించి, పక్కన కూర్చుని వింటుంటాను. ఇద్దరిది తమిళ మాధ్యమం, ఇద్దరిది ఇంగ్లీషు. ఇంట్లో నలుగురిదీ తెలుగే. అయినా సమాకలనం అన్న మాట వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఒకరికి అది తొగైయిడల్, ఇంకొకరికి ఇంటిగ్రేషన్. సరిహద్దు దాటితే కన్నడంలో అనుకలన. లెక్కలకు ఈ భాషలు మారడం కొత్త కాదులెండి. తొమ్మిదో శతాబ్దిలో కన్నడదేశంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్నే గదా మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చుకున్నాడు.

ఒక సాయంత్రం ఈ లెక్క వచ్చింది. సైన్ ఎక్స్‌ను, సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ల మొత్తంతో భాగించి, సున్న నుంచి పై బై టూ దాకా ఇంటిగ్రేట్ చేయాలి. నేరుగా దిగితే ముళ్లకంపే. దీనికో ఉపాయముంది. ఎక్స్ ఉన్నచోటల్లా పై బై టూ మైనస్ ఎక్స్ పెడితే సైన్ కాస్ అవుతుంది, కాస్ సైన్ అవుతుంది. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపితే పైనున్నదీ కిందనున్నదీ ఒకటే అయి, కొట్టివేయగా ఒకటి మిగులుతుంది. జవాబుకు రెండింతలు పై బై టూ, కనుక జవాబు పై బై ఫోర్. నాలుగు వరుసల పని.

వాళ్లలో చురుకైన కుర్రాడు ఆ నాలుగు వరుసలూ గబగబా వేసేశాడు. ఇద్దరు అర్థమైందన్నారు. అమ్మాయి మాత్రం, "ఎక్స్ తీసేసి ఇంకోటి పెడితే జవాబు మారకుండా ఎట్లుంటుందిరా?" అంది. అది ప్రాపర్టీ అన్నాడు వాడు. ప్రాపర్టీ అంటే? పుస్తకంలో ఉంది. ఆమె మళ్లీ అడిగింది. వాడు విసుక్కుని, చెప్పబోయి, సగంలో ఆగిపోయాడు. తనకూ తెలియదని వాడికి తెలిసింది అప్పుడే. అర్థమైందన్న ఇద్దరి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆ ఇద్దరిలోనే ఒకడు, రైతుబిడ్డ, అన్నాడు: "చేనును తూర్పుగట్టు నుంచి కొలుస్తూ పోయినా, పడమటిగట్టు నుంచి కొలుస్తూ వచ్చినా విస్తీర్ణం ఒకటే గదా!" అంతే. ఎక్స్ బదులు పై బై టూ మైనస్ ఎక్స్ పెట్టడమంటే అవతలి గట్టు నుంచి బయలుదేరడమే. ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వని ఆ మాట తెలుగులో వచ్చింది.

అర్థం కాకుండా అయిందనేవాడు తనకు తానే నష్టం చేసుకుంటాడని అందరూ అంటారు. నాకు ఎక్కువగా కనిపించేది చెప్పేవాడి నష్టం. తనకు తెలుసునన్న భ్రమతోనే వాడు ఇంటికి పోయేవాడు. వాడికి న్యాయంగా రావలసిన ప్రశ్నను ఆ ఇద్దరి మర్యాద ఎగవేసింది.

ప్లేటో రాసిన 'మెనో'లో సోక్రటీసు ఒక బానిస కుర్రాణ్ణి పిలిచి, రెండడుగుల భుజం గల చదరానికి రెట్టింపు వైశాల్యం గల చదరం గీయాలంటే భుజం ఎంతుండాలని అడుగుతాడు. వాడు నాలుగంటాడు, పదహారడుగులవుతుంది. మూడంటాడు, తొమ్మిదవుతుంది. కావలసింది ఎనిమిది. చివరికి తెలియదంటాడు. మునుపటికంటె వీడిప్పుడు మెరుగయ్యాడంటాడు సోక్రటీసు. అక్కడిదాకా నాకెంతో ఇష్టం. ఆ తరువాతే అనుమానం. కర్ణం మీద చదరం గీసి చూపిస్తూ పోతుంటే కుర్రాడు ఔను, ఔనంటూ పోతాడు. యజమాని ఎదుట, ఆయన గౌరవించే పెద్దమనిషి ఎదుట బానిస కాదనగలడా? వాడి 'తెలియదు'ను నమ్ముతాను. ఆ ఔనుల్లో ఎన్ని నిజమో చెప్పలేను. మా అరుగు మీద యజమాని లేడు కనుకనే ఆ అమ్మాయి మూడుసార్లు అడగగలిగింది. నిండు తరగతిలో అడిగేది కాదేమో.

దీనికి ఎదురువాదన బలమైనదే. తమిళనాట ఇంజనీరింగు సీటుకు ప్లస్ టూ మార్కులే ఆధారం. రెండువందల కటాఫ్‌లో లెక్కలదే సగం వాటా. అర మార్కు తేడాకు కాలేజీ మారిపోయేచోట ఒక్క లెక్క మీద ముప్పావుగంట పోవడం చిన్న ఖర్చు కాదు. పైగా ఆ ఖర్చు భరించేది అడిగినవాళ్లొక్కరే కాదు, నలుగురూ. అందుచేత అడిగినప్పుడల్లా ఆగి తీరాలని నేననను. ఏ వరుసదాకా వచ్చి ఎక్కడ నిలిచిపోయాడో చూపించగలిగినవాడికి మిగతావాళ్ల కాలం మీద హక్కుంది. నోటుపుస్తకం తెరవకుండానే అర్థం కాలేదనేవాడికి లేదు. ఇది కఠినమంటే అననీయండి.

ఆ కుర్రాడిప్పుడు లెక్క ముగించాక "అర్థమైందా?" అని అడగడం మానేశాడు. పెన్సిలు పక్కవాడి చేతికిచ్చి, "నువ్వు చెప్పు" అంటాడు. పక్కవాడు రెండో వరుస దగ్గర నిలిచిపోతాడు. ముగ్గురూ కాచుకుంటారు. తొమ్మిదింటి బస్సు పోతుందేమోనని ఒకడు గడియారం చూస్తూనే ఉంటాడు.