ఊ కొట్టేవాళ్ళు నిద్రపోయాక

భాగవతం వింటూ నిద్రపోవచ్చా అన్న ప్రశ్న మా ఇంట్లోకి మా ఆడబిడ్డ భర్త తెచ్చారు. నేను ఆయన్ని అన్నయ్య అంటాను. సంస్కృతం చదువుకున్న మనిషి, కార్తీకమాసంలో వాళ్ళ ఊరి గుడిలో పురాణం చెప్తారు. అత్తమ్మను చూడడానికి వచ్చి ఆ రాత్రి మా హనుమకొండ ఇంట్లోనే ఉండిపోయారు. నేను రోజూ చేసినట్టే అత్తమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకొని పోతన భాగవతం తీశాను. నాలుగు పద్యాలు చదివేసరికి ఆమెకు గురక మొదలైంది. పొద్దున చాయ్ తాగుతూ అన్నయ్య అన్నారు: "చెల్లె, భాగవతమంటే జోలపాట గాదు. కూచొని ఇనాలె, మేలుకొని ఇనాలె. పరీక్షిత్తు ఏడు రోజులు అన్నం నీళ్ళు ముట్టకుండ ఇన్నడు. మీరు దాన్ని నిద్రగోలీ చేసిండ్రు."

ఆయన కోపంగా అనలేదు, బాధగా అన్నారు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన పక్షాన శాస్త్రం గట్టిగానే ఉంది. తమోగుణం మనిషిని ఏమరుపాటుతో, సోమరితనంతో, నిద్రతో కట్టేస్తుందని గీత పద్నాలుగో అధ్యాయం చెప్తుంది. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో శ్రవణం మొదటిది. విన్నదాన్ని మననం చెయ్యాలి, దాని మీద ధ్యానం నిలపాలి అని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన క్రమంలోనూ వినడంతోనే మొదలు. మొదటి మెట్టు మీదే కునుకు తీస్తే పై మెట్లు ఎవరెక్కాలి? రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడి సామెత మనదే కదా. ఆ అడిగినవాడు బహుశా నిద్రపోయే ఉంటాడు.

అయినా నేను చదవడం మానలేదు. ఎందుకు మానలేదో చెప్పాలంటే ముందు మా రాత్రి చదువు ఎలా సాగుతుందో చెప్పాలి.

అత్తమ్మకు ఎనభై దాటింది. చూపు మందగించింది, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి పద్యం చదవడం నాకు చేతనైన పని. కానీ క్లాసులో చదివే తీరు వేరు, మంచం పక్కన చదివే తీరు వేరు. క్లాసులో పిల్లలు మేలుకొని ఉండాలని గొంతు ఎత్తుతాం. ఇక్కడ రాగం తియ్యకుండా, నాటకంలో లాగా సాగదియ్యకుండా, మాట్లాడినట్టే చదువుతాను. శార్దూలంలో పాదానికి పంతొమ్మిది అక్షరాలు, యతి పదమూడో అక్షరం దగ్గర. మత్తేభంలో ఇరవై, యతి పద్నాలుగో దగ్గర. ఊపిరి తీసుకొనే చోటును కవే చూపించి పెట్టినట్టుంటుంది. కానీ పోతన సమాసం ఒక్కోసారి యతి దగ్గర తెగదు, పాదం చివర కూడా తెగదు, అల్లుకుంటూ పక్క పాదంలోకి పోతుంది. అప్పుడు నా ఊపిరి చాలదు. ఊపిరి కోసం నేను ఆగిన చోట అత్తమ్మ కళ్ళు తెరుస్తుంది. అందుకని రాత్రి చదవబోయే పుట పగలే ఒకసారి చూసుకుంటాను. సీసపద్యం అన్నిటికన్నా నయం. నాలుగు పాదాలూ ఒకే తూగుతో నడిచి, వెనక తేటగీతి గానీ ఆటవెలది గానీ వచ్చి నెమ్మదిగా దించుతుంది.

ఐదో స్కంధంలో భూగోళమంతా ఉంటుంది, ద్వీపం చుట్టూ సముద్రం, సముద్రం చుట్టూ ద్వీపం, ఉప్పునీళ్ళతో మొదలై మంచినీళ్ళ దాకా ఏడు సముద్రాలు. ఆ స్కంధం పోతనది కాదు, గంగన రాసింది. పండితులు దాన్ని పెద్దగా మెచ్చుకోరు. మాకు మాత్రం అది ఎంతో పనికొచ్చింది. చెరకు రసం సముద్రం దాటి అత్తమ్మ ఎన్నడూ మేలుకొని లేదు. తొమ్మిదో స్కంధంలోని వంశాల వరసలూ అంతే. నరసింహుడు స్తంభం చీల్చుకొని వచ్చే ఘట్టం మాత్రం రాత్రి చదవను. అది మధ్యాహ్నం భోజనాలయ్యాక చదవాల్సింది. అక్కడ గొంతు తగ్గించి చదవడం పోతనకు అన్యాయం.

కథ వింటూ ఊ కొట్టడం మన ఇళ్ళలో చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ మధ్య ఒప్పందం. ఊ ఆగితే కథ ఆగుతుంది. అత్తమ్మ మొదట ప్రతి పద్యం చివరా ఊ అంటుంది. తర్వాత ఆ ఊ కాస్త ఆలస్యంగా వస్తుంది, నేను పక్క పద్యం ఎత్తుకున్నాక వస్తుంది. ఆ తర్వాత ఏ పద్యానిదో తెలియని ఊ ఒకటి వస్తుంది. దాని తర్వాత ఊపిరి చప్పుడే. అప్పుడు ఒప్పందం ప్రకారం పుస్తకం మూసెయ్యాలి. నేను ముయ్యలేను. ఎత్తుకున్న పద్యం పూర్తి చేస్తాను, వచనముంటే అదీ చదువుతాను, చాలాసార్లు ఘట్టం పూర్తయ్యేదాకా చదువుతాను. మరి అప్పుడు ఎవరి కోసం చదువుతున్నాను? అన్నయ్య అడిగింది నిద్రపోయే ఆమె గురించి. నన్ను పట్టుకున్న ప్రశ్న మేలుకొని ఉన్న నా గురించి.

నిద్రపోయిన మనిషికి వినబడుతుందని నేను వాదించను. బృహదారణ్యకంలో కాశీరాజు అజాతశత్రువు ఈ సంగతి తేల్చేశాడు. గార్గ్యుడనే పండితుడు నీకు బ్రహ్మం గురించి చెప్తానని గర్వంగా రాజు దగ్గరికి వస్తాడు. ఆయన చెప్పినవేవీ నిలవవు. చివరికి రాజు అతని చెయ్యి పట్టుకొని నిద్రపోతున్న ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్తాడు. ఆ మనిషిని దేవతలకు తగిన గొప్ప గొప్ప పేర్లతో పిలుస్తాడు. మనిషి లేవడు. చేత్తో తట్టి కుదిపితే లేస్తాడు. అప్పుడు రాజు అడుగుతాడు: ఇతను నిద్రలో ఉన్నప్పుడు ఇతనిలోని తెలివి ఎక్కడుంది, ఎక్కణ్ణుంచి తిరిగి వచ్చింది? గార్గ్యుడికి తెలియదు. ఉపనిషత్తులో నాకు బాగా ఇష్టమైన చోటు ఇది. ఎంత పవిత్రమైన పేరైనా నిద్రపోయిన చెవిలోకి వెళ్ళలేదని అంత నిక్కచ్చిగా చెప్పి, అక్కడ ఆగకుండా, మరి ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాడని అడుగుతుంది.

దానికి ఛాందోగ్యం ఇచ్చే జవాబు ఒకటుంది. పొలంలో బంగారం పాతిపెట్టి ఉన్నా తెలియనివాళ్ళు దాని మీదే అటూ ఇటూ నడుస్తారు. ప్రాణులన్నీ అలాగే దినదినమూ బ్రహ్మలోకానికి వెళ్ళి వస్తూ కూడా అది తెలుసుకోలేవు. శంకరులు గాఢనిద్రను పదేపదే పరీక్షకు తీసుకున్నదీ ఇందుకే. నిద్ర లేచినవాడు హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు అంటాడు. ఏమీ తెలియలేదన్న సంగతి ఎవరికి తెలిసింది? వేదాంతులు ఆ ఒక్క మాటను పట్టుకొని ఎంతో దూరం వెళ్ళారు. నాకు కావలసింది అందులో కొంచెమే. నిద్ర భగవంతుడికి ఎదురు దిక్కు కాదు. తిరుమలలో స్వామికే రోజూ చివరి సేవ ఏకాంతసేవ. ఉయ్యాల పాన్పు మీద పవళింపజేసి, అన్నమయ్య వంశంవారు జోల పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాలహారతి ఇస్తారు. జోలపాటకు దేవుడు తగినప్పుడు, దేవుడి కథ జోలకు తగదా అని అన్నయ్యను అడగాలనిపించింది. అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవారు. ఇది వాదనకు నిలిచేది కాదని ఇద్దరికీ తెలుసు.

అసలు వాదన భాగవతంలోనే ఉంది. ఆరో స్కంధంలో అజామిళుడు చావు దగ్గరపడ్డప్పుడు పిలిచింది దేవుణ్ణి కాదు, ముద్దుల చిన్నకొడుకును. ఆ కొడుకు పేరు నారాయణుడు. ఆ పిలుపుకే విష్ణుదూతలు వచ్చి యమదూతలతో వాదించి నిలిచారు. అర్థం తలచకుండా పలికిన పేరుకు అంత విలువ ఇచ్చిన గ్రంథం, నిద్రమత్తులో సగం విన్న పద్యాన్ని తోసేస్తుందని నేను అనుకోను. చివరి ఘడియలో మనసు దేన్ని తలుస్తుందో దాన్నే చేరుతుందని గీత ఎనిమిదో అధ్యాయం. ఆ ఘడియలో గొంతు పూడుకుపోతుంది, అప్పుడు నిన్నెలా తలచను, ఇప్పుడే నా మనసు నీలో చేరిపోనీ అని ముకుందమాలలో కులశేఖరుల మొర. పరీక్షిత్తుకు తన చివరి రోజు ఏదో తెలుసు. ఎనభై దాటిన మనిషికి ప్రతి రాత్రీ అదే కావచ్చు. కళ్ళు మూసుకొనేముందు చెవిలో ఏముండాలో అత్తమ్మ తనకు తాను ఎంచుకుంది. టీవీలో వాళ్ళ కొట్లాటలు వద్దంది, భాగవతం కావాలంది. "మొత్తం ఇనే ఓపిక నాకు లేదు బిడ్డా, అది ఇనుకుంట పోవాలె" అంది. ఈ మాటలో శ్రవణం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక చదివేవాళ్ళ సంగతి. భాగవతాన్ని ఇన్నాళ్ళు పైకి చదివాక నాకు ఒకటి కనిపించింది: ఇందులో కథ తరచుగా ఎవరికి చెప్తున్నారో వాళ్ళను దాటి పక్కన ఉన్నవాళ్ళను చేరుతుంది. నారదుడు హిరణ్యకశిపుడి భార్యకు ధర్మం బోధించాడు. ఆమె కాలం గడిచేకొద్దీ మరిచిపోయింది, కడుపులో ఉన్న ప్రహ్లాదుడికి నిలిచిపోయింది. శుకమహర్షి చెప్పింది పరీక్షిత్తుకు. ఆ సభలో ఒక పక్కన కూర్చొని విన్న సూతుడు దాన్ని నైమిశారణ్యానికి తీసుకెళ్ళి శౌనకాదులకు చెప్పాడు. మనం చదువుతున్న భాగవతం ఆ పక్కన కూర్చున్నాయన ద్వారా వచ్చిందే. శుకుడి గురించి జనంలో ఒక కథ ఉంది, భాగవతంలో లేదు. శివుడు పార్వతికి అమరకథ చెప్తుంటే ఆమెకు నిద్ర పట్టింది. దగ్గర్లో ఉన్న చిలుక ఆమెకు బదులు ఊ కొట్టింది. ఊ వినబడుతోంది కాబట్టి శివుడు ఆపలేదు. ఆ చిలుకే తర్వాత శుకుడై పుట్టాడంటారు. అమ్మవారికి నిద్ర పట్టినందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. నిద్ర పట్టిందని కథ ఆగిపోయి ఉంటే మాత్రం మనకు శుకుడు లేడు.

మా అబ్బాయి డాలస్ నుంచి ఫోన్లో పురాణాలు వినిపించే యాప్ ఒకటి పెట్టించాడు. అరగంటకు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంది. చదివినాయన గొంతు నాకన్నా ఎంతో బాగుంది. నేను ఊరికి వెళ్ళినప్పుడు అత్తమ్మకు అదే పెడతారు, ఆమెకూ నిద్ర పడుతుంది. దాన్ని తక్కువ చెయ్యను, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు ఆ గొంతు పెద్ద తోడు. ఒక్కటే తేడా. టైమర్ అయిపోతే అది గజేంద్రుణ్ణి నీళ్ళలోనే వదిలేసి ఆగుతుంది. మనిషి అలా ఆగలేడు.

గజేంద్రమోక్షం అంటే గుర్తొచ్చింది. అత్తమ్మకు రాత్రిళ్ళు తోడుగా ఒక ఆమె వస్తుంది. పగలు రెండిళ్ళలో పని చేసి, తొమ్మిదింటికి మా ఇంటికి వచ్చి, మంచానికి అవతల చాప వేసుకొని పడుకుంటుంది. బడికి పోలేదు. నేను చదువుతుంటే గోడ వైపు తిరిగి పడుకొని ఉండేది, నిద్రపోయిందనే అనుకొనేదాన్ని. ఎనిమిదో స్కంధం నడుస్తున్న రోజుల్లో ఒక పొద్దున గిన్నెలు తోముతూ అడిగింది: "టీచరమ్మా, ఏనుగును దేవుడు బయటికి తీసిండు, మంచిగనే ఉంది. ఆ మొసలి ఏమైంది మరి? దాని నోటికాడి కూడు పాయె గదా."

బళ్ళో ఎన్నోసార్లు చెప్పిన పాఠం ఇది. ప్రశ్నపత్రాల్లో విష్ణువు వచ్చిన తొందర గురించి అడిగాం, ఏనుగు మొర గురించి అడిగాం. మొసలి ఆకలి గురించి ఎవరూ అడగలేదు. పోతనలో దానికి జవాబుంది. విష్ణువు చక్రం మొసలి తల తెంచగానే అది హూహూ అనే గంధర్వుడై లేస్తుంది. దేవలుడి శాపం వల్ల మొసలైనవాడు. స్వామికి మొక్కి తన లోకానికి వెళ్ళిపోతాడు. ఏనుగు కూడా పూర్వం ఇంద్రద్యుమ్నుడనే రాజు. ధ్యానంలో ఉండి అగస్త్యుడు వచ్చింది గమనించక, లేచి ఎదురువెళ్ళక శాపం తెచ్చుకున్నాడు. ఏనుగై పుట్టి అన్నీ మరిచినవాడికి నీళ్ళలో కాలు చిక్కినప్పుడు, వెనకటి జన్మలో నేర్చిన స్తోత్రం నోటికి వచ్చిందని సంస్కృత మూలంలో ఉంది. జన్మ మారినా చెరగని చదువు ఒక రాత్రి నిద్రకు చెరుగుతుందా అని నాకు అప్పుడు తోచింది. ఆమెకు మాత్రం ఇంద్రద్యుమ్నుడు అక్కర్లేదు. "అంటే మొసలి కూడ బాగుపడ్డదన్నట్టు" అంది. అవును, ఏనుగు కన్నా ముందే అన్నాను. సంతోషపడింది.

తర్వాత చెయ్యి కడుక్కుంటూ ఇంకో మాట అంది. "అవ్వ పండుకున్నంక నువ్వు గొంతు తగ్గిస్తున్నవ్ టీచరమ్మా. ఆడికెల్లి నాకు మంచిగ ఇనొస్తలేదు. ఏనుగు ఏమేమి మొక్కిందో సగం పోయింది."

గజేంద్రుడి మొర మళ్ళీ మొదటినుంచి చదివాను. ఇప్పుడు కుర్చీ అత్తమ్మ తలగడ దగ్గర వెయ్యడం లేదు, మంచం కాళ్ళ వైపు, చాప వినబడే చోట వేస్తున్నాను. అత్తమ్మకు అంత దూరం నుంచి కూడా నిద్ర బాగానే పడుతోంది. పదో స్కంధంలో రుక్మిణీకల్యాణం దాకా వచ్చాం. అన్నయ్యగారు పండక్కి వస్తామన్నారు. వస్తే ఆయన్నే ఒక ఘట్టం చదవమంటాను, గొంతు కాస్త పెంచి.