రహస్యమందు జరుగు పని



కొంతకాలము క్రితము మా కూడికకు వచ్చు ఒక సహోదరికి రెండవ నెలలో గర్భము పోయినది. ఆమె ఇక్కడి గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషను కుట్టును. "పొద్దస్తమానం మిషను మీద కూర్చుంటే బిడ్డ నిలుస్తుందా?" అని ఒకరు, "ప్రార్థన తగ్గించింది" అని మరియొకరు అనిరి. మేమును ఆమె యింటికి వెళ్లి, తప్పు ఆమెదే అన్నట్లు ప్రార్థించి వచ్చితిమి. ఆ ప్రార్థనను తలంచి ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

తాను ఇంకను రూపము లేని పిండమై యున్నప్పుడే దేవుడు తన్ను చూచెనని 139వ కీర్తనలో దావీదు చెప్పుకొనుచున్నాడు. యోబు తన పుట్టుకను పాలు పేరుకొనుటతో పోల్చెను. రాత్రి తోడువేసి పడుకొను మన తల్లులకు దీనిని వివరింప నక్కరలేదు. వారికి మరుగైన ఆ పనిని నేడు వైద్యులు కొంత చూడగలుగుచున్నారు.

నెలకు సాధారణముగా ఒక అండము వెలువడును. అది ఒక్క దినమునకు మించి నిలువదు. పురుషుని కణము అయిదు దినములవరకు బ్రదుకగలదు. ఆ రెండును కలియునది గర్భసంచిలో కాదు, దానికి ప్రక్కనున్న సన్నని గొట్టములో. తల్లివి 23, తండ్రివి 23 క్రోమోజోములు చేరి 46 అగును. తల్లి ఇచ్చునది ఎక్స్ మాత్రమే. ఎక్స్ గాని వై గాని వచ్చునది తండ్రినుండి. కాబట్టి ఆడపిల్లను కన్నదని కోడలిని సాధించు అత్తగారు తన కుమారుని అడుగవలెను! (అతడును కోరి యిచ్చినది కాదు లెండి.) ఆ ఒక్క కణము రెండై, నాలుగై, ఆరేడు దినములకు గర్భసంచి గోడను అంటుకొనును. మూడు వారములు దాటగానే గుండె కదలనారంభించును.

ఈ తొలి పనిలో క్రోమోజోముల లెక్క తప్పుట కద్దు. మొదటి మూడు నెలలలో పోవు గర్భములలో ఇంచుమించు సగము దానివలననే పోవును. అందులో తల్లి చేసిన నేరమేమి? మా సహోదరి సంగతి ఏమియు ఎరుగకయే మేము తీర్పు తీర్చితిమి.

మరియొక మాట. మెదడు, వెన్నుపాము కాబోవు గొట్టము సుమారు 28వ దినమునకే మూసికొనును. అప్పటికి నెల తప్పి రెండు వారములే. అది సరిగా మూసికొనుటకు ఫోలిక్ ఆమ్లము తోడ్పడును. 1895లో భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దీనిని తయారుచేసిరి. అట్టి లోపముగల బిడ్డను ఒకసారి కన్న తల్లులు, తరువాతి గర్భమునకు ముందునుండే దీనిని తీసికొనగా, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 పాళ్లు తగ్గెనని 1991లో బ్రిటన్ పరిశోధకులు చూపిరి. ముందునుండే అను మాట గమనించుడి. వైద్యులు సాధారణముగా చెప్పునది దినమునకు 400 మైక్రోగ్రాములు. వివాహ ప్రకటన చదివిన వారములోనే ఈ సంగతి వధూవరులిద్దరికిని చెప్పవలెనని మా కోరిక. సంఘములో చెప్పు మాటలా ఇవి అని పెద్దలు కొందరు ముఖము చిట్లించిరి, అయినను చెప్పుచున్నాము.

మొన్న ఆ సహోదరి యింటికి మరల వెళ్లి, ఆనాటి ప్రార్థన విషయమై క్షమించుమని అడిగితిమి. ఆమె చాలసేపు ఏమియు పలుకలేదు. పిమ్మట, "అయితే నా బిడ్డను దేవుడు చూశాడా అయ్యగారూ?" అని అడిగెను. 139వ కీర్తన తెరచి ఆమె చేతికిచ్చితిమి.