ప్రశ్నించువాని పరీక్ష

మనుష్యునకు తెలిసినదానిని ఒక్క మాటలో చెప్పించి, ఆ మాటను బట్టి వాని విజ్ఞానమును కొలుచుట న్యాయమేనా? ఈ సందేహము నాకు గ్రంథములలో పుట్టలేదు. మా రోలుగుంట ప్రాంతమున ఒక బెల్లపు పెనము నొద్ద పుట్టినది. ఇరువది యేండ్లుగా బడిపిల్లలకు శాస్త్రము, చరిత్ర, సాహిత్యము, కళలు కలగలిపి ప్రశ్నలు వేయుచున్న వాడను. నేను వేసిన ప్రశ్నకు నేనే తప్పు జవాబు పట్టుకొని కూర్చుందునని ఏనాడును తలంపలేదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక పాఠశాలలో సామాన్యవిజ్ఞానపు పోటీ జరిగినది. ప్రశ్న లడుగుట నా వంతు. జవాబుల కాగితము నా చేతిలో నున్నది. “ద్రవము మరుగుచున్నంతసేపు దాని ఉష్ణోగ్రత పెరుగునా, పెరుగదా?” అని యడిగితిని. పెరుగదని కాగితములో నున్నది. ఎనిమిదవ తరగతి బాలు డొకడు లేచి “పెరుగుతాదండి” అనెను. తప్పంటిని. వాడు కూర్చుండక “మా పెనంలో పెరుగుతాది మాస్టారూ. రసం మరుగు వేరు, పాకం మరుగు వేరు. చేతి మీద చిందితే తెలుస్తాదండి” అనెను. సభలో నవ్వులు పుట్టినవి. నేనును నవ్వితిని. ఆ రెండు మార్కులతోనే వాని జట్టు ఓడిపోయినది.

సంక్రాంతి దాటిన పిమ్మట, చెరకు గానుగలు ఆడుచున్న దినములలో, ఏదో పనిమీద పోవుచు ఒక పెనమునొద్ద నిలిచితిని. వాని మాట జ్ఞప్తికి వచ్చినది. మరునాడు 200 డిగ్రీల వరకు గీతలుగల ఉష్ణమాపక మొకటి పట్టుకొని పోయితిని. రసము మరుగ నారంభించినప్పుడు పాదరసము 100కు కొంచెము పైన నిలిచినది. నీరు ఆవిరియై పోవుకొలది అది మెల్లగా ఎక్కెను. పాకము దింపువేళకు 116 దాటినది. అంతసేపును ఆ పెనము మరుగుచునే యున్నది!

ఇందులో వింత యేమియు లేదు. శుద్ధమైన ద్రవము, మారని వాయుపీడనము ఉన్నప్పుడే ఆ సూత్రము నిలుచును. చెరకు రసములో నీరు తగ్గి చక్కెర పాలు హెచ్చినకొలది మరుగుటకు అంతకంతకు హెచ్చు వేడి కావలెను. పీడనము మాటకు వచ్చితిమా, మా పైనున్న లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తు; అక్కడ నీళ్లు 100 డిగ్రీలకు మూడు డిగ్రీలు తక్కువగనే మరుగును. నా ప్రశ్నలో “శుద్ధ” మను రెండక్షరముల మాట లోపించినది. బాలుని జవాబు సరియైనది; ప్రశ్నయే తప్పు.

ఆ పెనము నొద్ద ఇంకొకటి చూచితిని. పాకము వచ్చినదో లేదో తెలిసికొనుటకు పెనము కాపరి రవంత తీసి చల్లని నీటిలో వేసి, ఉండ కట్టుచున్నదా యని వ్రేళ్లతో నొక్కి చూచెను. అదియు పరీక్షయే. కాని వాని అంచనా తప్పినచో పెనమంతయు చెడును, నష్టము వానిదే. నేను చేసిన పరీక్షలో నా అంచనా తప్పినచో నష్టము బాలునిది. తప్పిన ఫలితము తనకు తగులని పరీక్షకుడు ఎంత అజాగ్రత్తగానైనను ఉండవచ్చును. ఈ భేదమును నేను అంతకుముందు గమనించి యెరుగను.

న్యాయశాస్త్రమున ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. ఆ దినమున బాలుని చేతిలో నున్నది ప్రత్యక్షము. నా చేతిలో నున్నది శబ్దము, అందును ఎవరో అచ్చువేసిన కాగితము. ఆ శాస్త్రమువారే సత్యనిర్ణయమునకై చేయు చర్చను వాదమనియు, గెలుపునకై చేయుదానిని జల్పమనియు వేరుచేసిరి. గంట మ్రోగించి మార్కులు వేయు మన పోటీలు జల్పములు. వినోదముగా నున్నంతవరకు బాధ లేదు. వానినే విద్య యని భ్రమించుటలో నున్నది చిక్కు.

ఒక్క మాట జవాబు ఎంత పోగొట్టునో మన గుంటూరే సాక్షి. “హీలియమును కనుగొన్నవా రెవరు?” అని యడుగుదురు. “జాన్సెన్” అనిన మార్కు వచ్చును. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి దేశస్థుడగు జాన్సెన్ గుంటూరు వచ్చినమాట నిజము. సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిరేఖలను వర్ణపటదర్శినిలో చూచి, మరునాడు గ్రహణము లేకయే వానిని మరల చూడగలిగెను. అదియే ఆయన ఘనకార్యము. పసుపుపచ్చని ఒక రేఖ సోడియము రేఖలతో కలియదని ఇంగ్లండులో లాక్యరు అదే సంవత్సరము అక్టోబరులో చూచి పట్టుపట్టెను. 1895లో రామ్సే ఆ వాయువును భూమిమీది ఖనిజమునుండి రాబట్టినదాక అనేకులు నమ్మలేదు. ఇంత కథలో సందేహము, ఓర్పు, పలువురి శ్రమ కలవు. జవాబు కాగితములో ఒక పేరు మాత్రమే మిగిలినది.

అయినను పరీక్షలను తీసివేయుడని నేను చెప్పబోవుట లేదు. ప్రత్యక్ష మొక్కటే చాలుననువాడు, సూర్యుడు తిరుగుట కన్నులార చూచుచుంటిని గదా యనును. గ్రహణమునాడు గర్భిణిని గదిలో మూసియుంచు ఇంటివారును తమ అనుభవమునే చెప్పుదురు. ఇట్టి యిండ్లలోనికి నానాశాస్త్రములు తెలుగున చేరవలెననియే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మిత్రులు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపించిరి. ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, వర్ణమాలలో మొదటి అక్షరములు దాటకమునుపే 1923లో లక్ష్మణరావుగారు గతించిరి. ఒక మనుష్యుని ఆయువు చాలని పనిని మనము నూరు ప్రశ్నల చిన్న పుస్తకములో ఇమిడ్చి అమ్ముకొనుచున్నాము. ఇది పరిహాసమునకు అనుట కాదు.

ఇంకొక న్యాయమును కూడ ఒప్పుకొనవలెను. ఇండియా సివిల్ సర్వీసుకు 1855లో పోటీపరీక్ష వచ్చుటకు ముందు, సిఫారసు గలవాడే కొలువు పొందెడివాడు. నేటి గ్రూపు పరీక్షలలో జవాబు పత్రము దిద్దు యంత్రమునకు అభ్యర్థి కులము తెలియదు, వాని తండ్రి పేరు వినబడదు. సిఫారసు లేని బీదపిల్లవానికి ఆ గ్రుడ్డితనమే కాపుదల. వేలమందిలో కొందరిని ఏరవలసినచోట యంత్రము గ్రుడ్డిదైనను మేలే. కాని నా యెదుట నిలిచిన బాలుడు వేలమందిలో ఒక్కడు కాడు. వాని ముఖము నాకు కనబడుచున్నది, వాని చేతిమీది కాలిన మచ్చ కనబడుచున్నది. అక్కడ యంత్రమువలె ప్రవర్తించుటకు నాకేమి సాకు కలదు? కొలువుల పరీక్షకు గుణమైనది తరగతిలో దోషమగును. మనము రెంటికిని ఒకే కొలబద్ద పట్టుచున్నాము.

మన అవధానసభలు ఈ విషయమున మెరుగు. తిరుపతి వేంకటకవులు ఊరూర అవధానములు చేసిన కాలమునుండి, అవధానితోపాటు పృచ్ఛకులును సభవారి విమర్శకు లోనగుచునే యున్నారు. అసంగతమైన సమస్య నిచ్చిన పృచ్ఛకుని చూచి సభయే నవ్వును. మా పోటీలో నవ్వు ఒకవైపే పోయినది.

ఆ బాలుని తరువాత వెదకి, తరగతి యెదుట నిలిపి, నీవు చెప్పినది సరి, నేను చెప్పినది తప్పు అంటిని. ఉష్ణమాపకపు లెక్కలు నల్లబల్లపై వ్రాసి చూపితిని. వాడు సంతోషించునని యెదురుచూచితిని. వాడు కాసేపు బల్లవైపు చూచి “అయితే ఆ రెండు మార్కులు ఇప్పుడేస్తారా మాస్టారూ?” అని యడిగెను. పతకము వేరొక బడి బీరువాలోనికి ఎప్పుడో చేరిపోయినది. నేను సుద్దముక్క క్రిందపెట్టి, వానిని కూర్చుండుమంటిని.